మొద్దుకు వచ్చిన మాట

చిలకలకు మాటలు నేర్పేవాడికే నోట్లో నాలుక లేదన్నది ఆ పిట్టల కొట్లో పాత హాస్యం. యజమాని ఏమన్నా "సరే సార్" తప్ప మరో మాట అతని నోట రాదు. ఆ రెండు ముక్కలూ ఎంత వాటంగా అంటాడంటే, కొత్తగా దిగిన పిట్టల్లో చురుకైనవి కొన్ని ముందు అవే పట్టుకునేవి, వాటిని మాన్పించడానికి వేరే తిప్పలు పడాల్సి వచ్చేది. పలకా బలపం మధ్యలో వదిలేసినవాడు గనక అందరూ అతన్ని మాస్టరు అనేవారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, పోను పోను అలవాటుగా అన్నారు. ఇప్పుడు మాస్టరు కాక మరో పేరు ఉందని అతనికే గుర్తుండదు.

ఆ వారం యజమాని పాఠాల గదిలోకి వచ్చి, చివరి పంజరం ముందు నిలబడి, చూపుడువేలితో ఊచ మీద కొట్టాడు. లోపల బూడిదరంగు చిలక, ఎర్ర తోక, వీపు ఇటు పెట్టి గోడ వైపు చూస్తూ కూర్చుంది. కొట్టినందుకు కూడా తిరగలేదు. దానితో పాటు ఒకే బుట్టలో వచ్చిన మిగతా అయిదూ "రండి రండి, దయచేయండి" అని ఎప్పుడో పట్టేశాయి. ఇది మాత్రం పెదవి విప్పలేదు, చిలకకు పెదవి ఉంటే. అందుకే దానికి మొద్దు అని పేరు పడింది.

ఆదివారం చిలకల్ని గుడ్లకోసం పెంచే షెడ్డాయన వస్తున్నాడని, ఆయనకో పెట్ట కావాలని, మొద్దు పెట్టే కాబట్టి అది వెళ్ళిపోతుందని యజమాని చెప్పాడు. ఈలోగా నోరు విప్పితే సరే, ఒక హోటల్ మేనేజరు వాకిట్లో పెట్టుకోవడానికి మాట్లాడే పిట్ట కావాలని అడుగుతున్నాడు, ఆయనకి ఇచ్చేద్దాం అన్నాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు కదా మాస్టరూ. నోరే లేనిదానికి షెడ్డే ఊరు."

"సరే సార్" అన్నాడు మాస్టరు.

ఆ షెడ్డు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఒకసారి పిట్టల్ని దింపడానికి వెళ్ళాడు. పైన రేకులు, కిటికీలు లేవు. అటూ ఇటూ పంజరాల వరసలు, ఒక్కో పంజరం వెనకా ఒక చెక్క పెట్టె. పెట్ట ఆ పెట్టెలోకి వెళ్ళి గుడ్డు పెట్టాలి. పెట్టగానే వెనక తలుపు తెరుచుకుని ఒక చెయ్యి వస్తుంది, గుడ్డు పోతుంది. మళ్ళీ పెట్టాలి. చాలా పిట్టలకు రొమ్ము మీద ఈకలు లేవు. జబ్బా అని అడిగితే, కాదు, వాటంతట అవే పీక్కుంటాయి, ఊసుపోక, అని చెప్పాడు షెడ్డాయన. అంత పెద్ద షెడ్డులో పిట్ట గొంతు వినపడకపోవడం మాస్టరుకు వింతగా తోచింది. రెక్కల టపటప తప్ప ఏమీ లేదు. మాట్లాడనివన్నీ అక్కడికే చేరతాయి మరి. మౌనం అర్ధాంగీకారం అని ఎవరు కనిపెట్టారో గాని, వాడికి ఒక షెడ్డు ఉండే ఉంటుంది.

యజమాని మరో కబురు కూడా తెచ్చాడు. జేబులోంచి గుప్పెట్లో పట్టేంత స్పీకరొకటి తీసి బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. ఎవరో ఆడమనిషి తీయని గొంతుతో "రండి రండి, దయచేయండి" అంది. ఆగకుండా అంటూనే ఉంది. దీనికి టీ అక్కర్లేదు, దగ్గు రాదు, అని నవ్వాడు యజమాని. ఇకనుంచి పాఠాల గదిలో అయిదు పిట్టలకూ అదే పాఠం చెబుతుంది. మాస్టరు మొద్దును పట్టుకుని వెనకాల కడుగుళ్ళ గదిలో కూర్చోవాలి, ఆదివారం దాకా తన తిప్పలు తను పడాలి.

మాస్టరు పంజరం ఎత్తుకున్నాడు. స్పీకరు మీద కోపం రాలేదు. కడుగుళ్ళ గది మీద వచ్చింది. అతని పనికి ఒకటే శాస్త్రం: ఒక్క గొంతు, ఒక్క మాట, ఒక్క గింజ. పంజరం మీద నల్లగుడ్డ కప్పాలి. ఎదురుగా ఒక్కడే కూర్చోవాలి. ఒకటే మాట, ఒకటే రాగంలో, నాలుక ఎండిపోయేదాకా అనాలి. ఆఖర్న గుడ్డ ఎత్తి ఒక గింజ ఇవ్వాలి. రెండో గొంతు వినపడిందా, పిట్ట మనసు రెండుగా చీలిపోయి దేన్నీ పట్టుకోదు. అతనికి పని నేర్పిన ముసలాయన నేర్పింది ఇదే, ఆయనకు నేర్పినవాడు నేర్పిందీ ఇదే. అలాంటిది కడుగుళ్ళ గదిలో గొంతు ఒకటి కాదు, రెండు కాదు. కుళాయి ఒకటి, రేకుల చప్పుడు ఒకటి, అన్నిటికీ మించి వదిన ఒకతె.

వదిన అంటే పోయిన అన్న భార్య. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే కొట్లో పనిచేస్తారు. ఆమె పంజరాల అడుగు రేకులు కడుగుతుంది. సిమెంటు తొట్టి ముందు చిన్న పీట వేసుకుని, ఒక చేత్తో గీకుడు బిళ్ళ, ఒక చేత్తో కుచ్చు బ్రష్షు పట్టుకుని, ఎండి అట్టకట్టిన రెట్టను ఒక్క ఊపులో చెక్కేస్తుంది. పని ఎంత జోరో నోరూ అంతే జోరు.

మొదటి రోజంతా మాస్టరు గుడ్డ కప్పి "రండి రండి, దయచేయండి" అంటూనే ఉన్నాడు. వదిన నీళ్ళు కొడుతూనే ఉంది. సాయంత్రం గుడ్డ ఎత్తితే మొద్దు వీపు ఇటే ఉంది.

"లోకంలో అందరూ చిలక్కి చెప్పినట్టు చెప్పాను అంటారు మరిదీ" అంది వదిన, చేతులు తుడుచుకుంటూ. "నిన్ను చూశాక ఆ మాటకున్న విలువ కాస్తా పోయింది."

మర్నాడు ఉక్కపోతగా ఉంది. గుడ్డ కింద పిట్ట నోరు తెరుచుకుని రొప్పుతుంటే చూడలేక మాస్టరు గుడ్డ తీసేసి పక్కన పడేశాడు. శాస్త్రం ఎలాగూ పోయింది, గాలైనా ఆడనీ అనుకున్నాడు. టీ వేళయింది. వదిన సీసా మూతలో సగం పోసి అతని ముందుకు చాచింది. అతనికి కడుపులో మంట, తాగడు. తాగడని ఆమెకు తెలుసు, అయినా రోజూ చాస్తుంది.

వద్దన్నాడు. తాగమంది. వద్దు వదినా అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, నీ ఖర్మ అని తనే తాగింది. తరవాత అతని చొక్కా జేబు వైపు చూసి, అందులో దాచుకున్న బాదంపప్పు ఒకటి తనకివ్వమంది. బాదంపప్పు అంటే పిట్టకు పెద్ద బహుమతి, మాట పూర్తిగా వచ్చిన రోజునే ఇచ్చేది. పిట్ట తిననప్పుడు మనిషి తింటే తప్పేమిటని వాదించింది. ఇవ్వు అంది. ఇవ్వనన్నాడు. ఇవ్వు అంటుంటే అని చెయ్యి చాచే ఉంచింది. విసుక్కుంటూ తీసి ఇచ్చాడు.

అప్పుడు పంజరంలో చిన్న కదలిక. మొద్దు ఇటు తిరిగి ఉంది.

తిరగడం ఒకటే కాదు, కళ్ళు కూడా ఏదో చేస్తున్నాయి. లేత పసుపు వలయం మధ్య నల్లగుడ్డు ఆవగింజంత అయింది, మళ్ళీ విచ్చుకుంది, మళ్ళీ ఆవగింజంత అయింది. ఇన్నాళ్ళలో దాని కళ్ళు అలా కొట్టుకోవడం అతను చూడలేదు. ఆ మాటకొస్తే దాని కళ్ళే సరిగా చూడలేదు. చూసిందంతా వీపు.

బాదంపప్పు మళ్ళీ అడగమన్నాడు వదినను. ఆమెకు అర్థం కాలేదు. నోట్లోది నమలనివ్వవా అంది. నమలడం అయ్యాక, మరిదికి మతి చలించిందని తేల్చుకుని, సరదాకే అడిగింది. "ఇవ్వు." అతను ఇచ్చాడు. మొద్దు తల అతని చేతినుంచి ఆమె చేతికి, ఆమె చేతినుంచి నోటికి తిరిగింది. ఈసారి అతను అడిగాడు, ఆమె బ్రష్షు ఇచ్చింది. తల మళ్ళీ చేతుల వెంటే తిరిగింది. ఆమె మూతలో టీ చాచింది, అతను వద్దన్నాడు, మూత వెనక్కి పోయింది. పిట్ట మెడ సాచి, పోయిన చేతిని తొట్టి దాకా సాగనంపింది.

మాస్టరు బ్రష్షు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇది నోటిని చూడటం లేదు. మాట ఎవరి నోట్లో బయలుదేరి, ఎవరి చేతిని కదిలిస్తోందో చూస్తోంది. ఇన్నేళ్ళూ తను చేసిందేమిటి? చీకట్లో కూర్చున్నదాని ముందు "రండి" అన్నాడు. ఎవరూ రాలేదు. "దయచేయండి" అన్నాడు. ఎవరూ దయచేయలేదు. ఏ పనీ చెయ్యని మాటను ఎవరు మాత్రం ఎందుకు నేర్చుకుంటారు? మిగతా అయిదూ నేర్చుకున్నాయంటే గింజకోసం నేర్చుకున్నాయి. ఇది గింజకు కూడా లొంగలేదు. మొద్దు ఎవరో అన్న అనుమానం అతనికి మొదటిసారి వచ్చింది.

ఆ సాయంత్రం సామాను సర్దుతుంటే పంజరంలోంచి గొణుగుడు వినపడింది. మెడ ముడుచుకుని, కళ్ళు సగం మూసుకుని, నీళ్ళు పుక్కిలించినట్టు లోపల్లోపల ఏదో అనుకుంటోంది పిట్ట. దగ్గరికి వెళ్తే ఆపేసింది. దూరం జరిగితే మళ్ళీ మొదలెట్టింది. వదిన కూడా చెవి ఒగ్గింది. పరీక్షకు వెళ్ళే పిల్లల్లా వల్లెవేసుకుంటోంది, మనం చూస్తే సిగ్గు కాబోలు, అని గుసగుసగా అంది. అంత నెమ్మదిగా మాట్లాడటం వదినకు వచ్చని అతనికి అప్పుడే తెలిసింది.

శుక్రవారం పొద్దున్న వదిన తొట్టి అంచున కూర్చుని, అతను ఇచ్చిన బాదంపప్పు నోట్లో వేసుకోబోతోంది.

"ఇవ్వు."

వదిన గొంతే. ఆ జీర, ఆ విరుపు, చివర కాస్త సాగదీయడం, అన్నీ ఆవిడవే. కాని వదిన పెదవులు కదల్లేదు. ఆవిడ నురగ చేతిని గాల్లోనే ఆపి పంజరం వైపు చూసింది. మొద్దు ఊచలకు ఆనుకుని, ఒక కాలు బయటికి చాచి, వేళ్ళు విప్పి ఉంది.

ఇవ్వక చస్తుందా, ఇచ్చింది. పిట్ట దాన్ని కాలితో అందుకుని, తిప్పి చూసుకుని, తొందరేం లేనట్టు కొరికింది. వదినకు కాసేపు మాట రాలేదు. ఆ కొట్లో అది చిలక మాట్లాడటం కన్నా పెద్ద వింత.

ఆ రోజంతా వాళ్ళిద్దరికీ అదే పని. రేకులు కుప్పపడ్డాయి. "ఇవ్వు" అన్నప్పుడు బాదంపప్పుకు బదులు బ్రష్షు ఇచ్చి చూశారు. పిట్ట బ్రష్షు అందుకుంది, మాస్టరు ముఖంలోకి ఒక్క క్షణం చూసింది, బ్రష్షును నేలమీద పడేసి మళ్ళీ "ఇవ్వు" అంది. రాయి ఇచ్చారు, అదీ పడేసింది. ఒకసారి జేబులు ఖాళీగా చూపించాడు మాస్టరు. అది అతన్ని వదిలేసి వదిన వైపు తిరిగి అడిగింది.

వదిన మాత్రం ఇంకా నమ్మలేదు. అర్థం తెలిసి అంటుందా, అలా అంటే గింజ పడుతుందని అంటుందా, రెండిటికీ తేడా లేదా అని నిలదీసింది.

"నువ్వు జీతం కోసం సరే సార్ అంటావు. అది బాదంపప్పు కోసం ఇవ్వు అంటుంది. నీకేం అర్థం తెలుసని, దానికి తెలియడానికి?"

మాటలో పుల్ల ఉంది. పుల్లను పక్కన పెడితే ప్రశ్నా ఉంది. మాస్టరు ఆ ప్రశ్ననే పట్టుకున్నాడు. ఇదివరకు ఏ పిట్ట గురించీ ఇలాంటి ప్రశ్న అతనికి పుట్టలేదు. నేర్చిందా, లేదా, అంతే. ఇప్పుడు, తిండి ఊసు లేనిచోట కూడా ఇది మాట వాడుతుందా అని తెలుసుకోవాలనిపించింది. ఎలా తెలుసుకోవాలో తోచలేదు. రేకులు తుడిచాడు, నీళ్ళు మోశాడు, ఆలోచిస్తూనే ఉన్నాడు.

తెలుసుకోవడానికి అతనేమీ చెయ్యక్కర్లేకపోయింది. సాయంత్రం కొట్టు కట్టేసే వేళ, అలవాటుగా నల్లగుడ్డ దులిపి పంజరం మీదికి ఎత్తాడు.

"వద్దు."

ఈసారి వదిన గొంతు కాదు. తన గొంతు. రోజూ టీ మూత ముందు తను అనే మాట, తను అనే తీరులోనే, కాస్త అలసటగా, కోపం లేకుండా. చేతిలో గింజ లేదు, జేబులో పప్పు లేదు. పిట్ట అతని చేతినే చూస్తోంది, ఆ చెయ్యి ఏం చేస్తుందా అని.

మాస్టరు గుడ్డ ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. ఎన్ని పిట్టలు, ఎన్ని సాయంత్రాలు ఈ గుడ్డ కప్పించుకున్నాయో. ఏదీ ఏమీ అనలేదు. అనడానికి తను ఏమైనా నేర్పితే కదా. గుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు. పిట్ట ఈకలన్నీ ఒక్కసారి దులుపుకుని, ఒంటికాలి మీద సర్దుకుని కూర్చుంది. వదిన తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది.

మొద్దు నోరు విప్పిందని తెలిసి యజమాని మర్నాడే హోటల్ మేనేజరుకు కబురు పెట్టాడు. మేనేజరు ఇస్త్రీ మడత నలగని మనిషి. పంజరం తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టారు. ఆయన ఉంగరం వేలు ఊచల్లోంచి లోపలికి పెట్టి, ఏదీ, ఏమంటావ్ అన్నాడు.

మొద్దు ఉంగరాన్ని చూసింది, వేలిని చూసింది, వేలి వెనకున్న మనిషిని చూసింది. "వద్దు" అంది.

మేనేజరు నవ్వాడు. వేలు ఇంకాస్త లోపలికి పెట్టాడు. పిట్ట కరవలేదు. ముక్కుతో వేలిని మెల్లిగా పక్కకు తోసి, ఇంకోసారి "వద్దు" అంది. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. దిగుదామని వచ్చినవాళ్ళని వాకిట్లోనే వద్దు పొమ్మంటే హోటలు నడిచినట్టే అన్నాడు. యజమాని గబగబా పాఠాల గదిలోంచి ఇంకో పిట్టను తెప్పించాడు. అది మేనేజరు ముఖం చూడకుండానే "రండి రండి, దయచేయండి" అంది. ఆయన సంబరపడి దాన్ని పట్టుకుపోయాడు.

ఆయన వెళ్ళాక మాస్టరు యజమాని బల్ల ముందు నిలబడ్డాడు. అలా పిలవకుండా వచ్చి నిలబడటం అతనికి అలవాటు లేదు. ఈ పిట్ట చిలకపలుకులు పలకడం లేదని, చూసి, తెలిసి అంటోందని, కావాలంటే తమరే బ్రష్షు ఇచ్చి చూడండని చెప్పాడు. నల్లగుడ్డ సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నప్పుడు గొంతు వణికింది. సంతోషంతోనో భయంతోనో అతనికే తెలియలేదు.

యజమాని అంతా విన్నాడు. కోపగించుకోలేదు.

"అర్థం తెలిసిన పిట్ట నాకెందుకు మాస్టరూ? అర్థం తెలిసినవాళ్ళు ఇంట్లో ముగ్గురున్నారు, వాళ్ళతోనే వేగలేకపోతున్నా. రేపు షెడ్డాయన వస్తాడు. పంజరం శుభ్రం చేసి ఉంచు."

"సరే సార్" అన్నాడు మాస్టరు.

వదినకు ఆ రెండు ముక్కలూ వెనక గదిదాకా వినపడ్డాయి. పంజరం తెచ్చి పెడుతుంటే, సరే అన్నావా అని అడిగింది. ఏమనమంటావు అన్నాడు.

"నన్నడుగుతావేం? దాన్నడుగు" అంది పిట్ట వైపు చూపించి, మళ్ళీ రేకు గీకుడులో పడింది.

ఆదివారం షెడ్డాయన చిల్లులు పెట్టిన చెక్క పెట్టె ఒకటి భుజాన పెట్టుకుని వచ్చాడు. బొద్దుగా, నిదానంగా ఉంటాడు. చెడ్డవాడిలా ఎక్కడా కనపడడు. పెట్టె దించి, మోచేతి దాకా వచ్చే తోలు తొడుగును నడుం దగ్గర్నుంచి తీసి ఎడం చేతికి వేసుకున్నాడు, వేళ్ళు ఒక్కొక్కటీ సర్దుకున్నాడు. కడుగుళ్ళ గదిలోనే పని కానిచ్చేద్దామన్నాడు. యజమాని గుమ్మంలో నిలబడ్డాడు. వదిన కుళాయి కట్టేసింది. మాస్టరు పంజరం తలుపు గడియ తీశాడు.

తొడుగు లోపలికి వెళ్ళింది.

"వద్దు."

షెడ్డాయన చెయ్యి ఆగింది. చుట్టూ చూశాడు. మాస్టరు అన్నాడేమో అనుకున్నాడు, గొంతు అతనిదే కదా. మాస్టరు పెదవులు బిగబట్టి ఉన్నాడు. చెయ్యి మళ్ళీ కదిలింది. మొద్దు వెనక్కి వెనక్కి జరిగి ఊచలకు ఆనుకుంది, అరవలేదు, రెక్కలు కొట్టలేదు. ఆ తోలు వేళ్ళనే చూస్తూ "వద్దు" అంది. ఒక్క క్షణం ఆగి, ఇంకాస్త నెమ్మదిగా, వినపడని మనిషికి విడమరిచి చెప్పినట్టు, "వద్దు" అంది.

షెడ్డాయన చెయ్యి బయటికి తీశాడు. దీనికి ఇది ఎవరు నేర్పారని అడిగాడు. ఎవరూ నేర్పలేదు, మేం మాట్లాడుకుంటుంటే చూసి పట్టుకుంది అన్నాడు మాస్టరు. చూసి పట్టుకుందా అని షెడ్డాయన ఆ మాటనే రెండుసార్లు అనుకున్నాడు. తరవాత తొడుగు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇది నాకొద్దండీ."

యజమాని తెల్లబోయాడు. పెట్ట కాదా, ఈడు చాలదా, ఒంట్లో బాగాలేదా అని ఏకరువు పెట్టాడు. షెడ్డాయన తల అడ్డంగా తిప్పాడు.

"కరిచే పిట్టయితే ఫర్వాలేదు, తొడుగుంది. దీనికి ఏ తొడుగు వేసుకోను? నా షెడ్డు నిండా పిట్టలే. అవేమీ అనవు కాబట్టి నేను చెయ్యి పెడుతున్నా. ఇది వెళ్ళి అక్కడ కూర్చుందనుకోండి, చూసి పట్టుకునే జాతి కదా, నాలుగు రోజుల్లో వరసంతా పట్టుకుంటుంది. పొద్దున్నే నేను గుడ్లకి చెయ్యి పెట్టగానే ఆ కొసనుంచి ఈ కొసకి అన్నీ ఇదే మాటంటే, మధ్యాహ్నం నాకు తిండి దిగుతుందా?"

మాస్టరు పంజరం గడియ మళ్ళీ వేసేశాడు. వదిన వైపు చూశాడు. ఆమె నేలకేసి చూస్తూ పెదవి కొరుక్కుంటోంది, నవ్వు ఆపుకోవడానికి.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. వచ్చిన పని కావాలి కదా అన్నాడు షెడ్డాయన. ఇంకో పెట్ట ఉంటే ఇవ్వండి అన్నాడు. యజమాని ముందు నడిచాడు, అందరూ పాఠాల గదిలోకి వెళ్ళారు. స్పీకరు తన మానాన తను పిలుస్తూనే ఉంది. షెడ్డాయన మిగిలిన పిట్టల్ని తోక కింద, ముక్కు మీద పరీక్షగా చూసి, ఒకదాని ముందు ఆగాడు. మంచి పిట్ట. అన్నిటికన్నా ముందు పాఠం పట్టింది అదే. మాస్టరు దాన్ని చూపించి పదిమంది దగ్గర గొప్పలు చెప్పుకున్నాడు.

తలుపు తీశారు. తోలు చెయ్యి లోపలికి వెళ్ళింది.

"రండి రండి" అంది పిట్ట. "దయచేయండి."

స్పీకరు గొంతు కాదు, మాస్టరు గొంతు. ఆ మర్యాద, ఆ దీర్ఘం, "దయ" దగ్గర చిన్న ఆయాసం, అన్నీ అతనివే. తల వంచి గింజకోసం చూస్తూ, వేలి మీదికి తనే ఎక్కింది. షెడ్డాయన మెచ్చుకోలుగా తల ఊపాడు. చెక్క పెట్టెలోకి దింపి మూత వేస్తుంటే లోపల్నుంచి కూడా అదే పిలుపు. వాకిట్లో బండి ఎక్కించేదాకా వినపడుతూనే ఉంది. చిల్లుల్లోంచి తన గొంతు, రండి రండి అని, ఎవరినో, ఆ చేతినే.

మాస్టరు ఖాళీ పంజరం తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"చూశావా, అదీ పిట్టంటే" అన్నాడు యజమాని, అతని భుజం మీద తట్టి. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. షెడ్డాయన మాట ఆయన బుర్రలో కూడా తిరుగుతున్నట్టుంది. ఆ మొద్దును వెనక గదిలోనే పడుండనివ్వమన్నాడు, ఈ మూడింటి ఛాయలకు రానివ్వొద్దన్నాడు. ఇవి కూడా ఆ మాట పట్టుకున్నాయంటే కొట్టు మూసుకోవాల్సిందే అన్నాడు.

"సరే సార్" అన్నాడు మాస్టరు.

యజమాని మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేదాకా మాస్టరు ఆగాడు. స్పీకరు మీట కట్టేశాడు. గది ఒక్కసారిగా ఎంత పెద్దదో తెలిసింది. మూడు పంజరాలూ ఒక్కొక్కటిగా వెనక గదికి మోసుకొచ్చాడు. మొద్దు పంజరానికి ఎదురుగా, తొట్టి అంచు కనపడేటట్టు వరసగా పెట్టాడు. వదిన చేతిలో పని ఆపి చూస్తోంది. ఏమిటిదని అడగలేదు. ఉద్యోగం ఉంచుకోవాలని ఉందా అని మాత్రం అడిగింది. తెలియదన్నాడు. అది అబద్ధం కాదు.

గోడకున్న చీలకు కొట్లోని తోలు తొడుగు వేలాడుతోంది, కరిచే పిట్టలకు వాడేది. తీసి ఆమెకు ఇచ్చాడు. వదిన చేతులు తుడుచుకుని వేసుకుంది. తోలు ఆమె చేతికి పెద్దదైంది, మోచేతి దాకా మింగేసింది. ఏం చెయ్యాలని అడిగితే, నువ్వు షెడ్డాయనవి, నేను పిట్టను అన్నాడు. పీట లాక్కుని మూడు పంజరాల ముందు కూర్చున్నాడు. మోకాళ్ళు దగ్గర పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మనిషి అలా కూర్చుంటే నిజంగానే చిన్నగా కనపడతాడు.

తోలు చెయ్యి అతని మీదికి వచ్చింది.

"వద్దు" అన్నాడు.

టీ మూత ముందు ఎంత తేలిగ్గా వచ్చే మాట. ఇప్పుడది గొంతులో ఎక్కడో దారి తప్పి, యజమాని ముందు నిలబడ్డప్పటి గొంతుతో బయటపడింది. వదిన చెయ్యి ఆగలేదు. వచ్చి అతని భుజం పట్టుకుంది.

"అలా అంటే ఎవరు వెనక్కి తగ్గుతారు మరిదీ? నేనే తగ్గను. మళ్ళీ అను."

చెయ్యి తీసి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి వచ్చింది. ఈసారి ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు. మాస్టరు ఆ తోలు వేళ్ళకేసి చూశాడు, వేళ్ళ వెనకున్న మనిషిని చూశాడు. ముందు గదిలో వీధి తలుపు కిర్రుమంది, ఎవరో లోపలికి వస్తున్న చెప్పుల చప్పుడు. లేవలేదు.

"వద్దు."

చెయ్యి ఆగింది. మెల్లిగా వెనక్కి వెళ్ళింది. మూడు పంజరాల్లోనూ తలలు ఆ చేతి వెంట తిరిగాయి.